చీకటికో కెమెరా

ప్రియమైన చిట్టీ,

కవరు చూడగానే గుండె పట్టుకోకు, అందరం బతికే ఉన్నాం. ఫోన్లో నువ్వు చెప్పేది నా చెవికి సగమే చేరుతుంది. మిగతా సగం నేను భయంతో నింపుకుంటాను. అందుకే ఉత్తరం.

మన కోడలు పడిపోయింది. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే వరుసకి ఇప్పుడు తనే పెద్ద, నీకు తెలుసుగా. రాత్రి పదింటికి షిఫ్టు దిగి వస్తుంటే మనింటి వెనక సందులో మురుక్కాలవ మీద పలక లేని చోట కాలు దిగబడింది. మడమ దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ సందులో పన్నెండు దీపస్తంభాలున్నాయి. ఆర్నెల్లుగా ఒక్కటీ వెలగదు.

మా పెద్దాడు పెళ్లానికి తేల్చి చెప్పేశాడు. "ఇక ఆ ఉద్యోగం వద్దు, ఇంటిపట్టున ఉండు" అన్నాడు. ఫ్యాక్టరీవాళ్లు ఆరు వారాలు చోటు ఉంచుతామన్నారు, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారట. కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

భయపడటంలో నన్ను మించినవాళ్లు లేరు కదా. వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే బావి ఎండుతుందని. నేనూ "మానెయ్యమ్మా" అనాల్సింది. నోరు రాలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

వీధి దీపాల ఆఫీసుకి వెళ్లాను. ఇంజినీరు ఒక పుస్తకం తెరిచాడు. "చూడండి పెద్దమ్మా, మా మనిషి రోజూ తిరిగి చూసి సంతకం పెడుతున్నాడు. అన్నీ వెలుగుతున్నాయి. కాదంటారా, ఫొటో తెండి" అన్నాడు. పెద్దాడి ఫోనుతో తీయించుకుని పట్టుకెళ్లాను. కాగితమంతా నలుపే. "బొటనవేలు అడ్డం పెట్టారా?" అని నవ్వాడు.

మరిదిగారితో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినదానివి. చీకట్లో ఫొటో తీసే కెమెరా చవకలో ఏది దొరుకుతుంది? ముట్టుకుంటే షాకు కొడుతుందా? దొంగలు లాక్కుంటే? కుక్కలు వెంటపడితే? అన్నిటికీ జవాబు రాయి.

నీ భయస్తురాలు,
అక్క

*

అక్కా,

నువ్వు కెమెరా కొంటానన్న ముక్క రెండుసార్లు చదివాను, చేతిరాత నీదేనా అని. షాకు కొట్టదు. కుక్కల సంగతి నాకు తెలియదు.

కొట్లో మెగాపిక్సెళ్ల గొప్పలు చెప్తారు, ఈ చెవితో విని ఆ చెవితో వదిలెయ్. నీకది అలవాటే. లెన్సు మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. 1.8 అని రాసి ఉన్నది అడుగు. దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు గొట్టాలు చూపిస్తారు. అవి పగటి సోకులు, చీకట్లో గుడ్డివి. ఇక లోపల వెలుతురు పట్టే పలక ఒకటుంటుంది, సెన్సారు అంటారు. ఫోన్లో అది చిటికెన గోరులో సగముంటుంది. నీకు తపాలా బిళ్ళంత ఉన్నది కావాలి. కొత్తది అక్కర్లేదే, ఎవరో వాడి అమ్మేసిన పాత మోడలు చాలు. లెన్సులోకి టార్చి వేసి చూడు. సాలెగూడులాంటి బూజు కనిపిస్తే దండం పెట్టి బయటికొచ్చెయ్.

మిగిలిన డబ్బుతో ముక్కాలి స్టాండు కొను. చీకటి ఫొటోకి సగం బలం అదే. ఫ్లాషు జోలికి పోకు, దాని వెలుగు నాలుగడుగులు దాటదు. టైమరు పెట్టుకో. నువ్వు నొక్కాక అది రెండు సెకన్లు ఆగి తీస్తుంది. నీ చేతి వణుకు దానికి అంటదు. ఏ చక్రం ఎంత తిప్పాలో వెనక కాగితం మీద బొమ్మ వేశాను. ఎనిమిది సెకన్లు కన్ను తెరిచి ఉంచు. ఆ ఎనిమిది సెకన్లూ దాన్ని కదిలించకు. నువ్వెంత భయపడినా పర్వాలేదు.

నవ్వు ఆపుకుంటూ,
చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

కొన్నాను! కంటి శుక్లాల ఆపరేషనుకి దాచుకున్నదాంట్లోంచి తీశాను. ఒక కన్ను ఆగితే ఇంకో కన్ను వచ్చింది, తిట్టకు.

కొట్టువాడు "పెళ్లిళ్లకా అమ్మా, మనవళ్లకా?" అన్నాడు. "చీకటికి నాయనా" అన్నాను. ఫిరంగిలాంటి గొట్టం తెచ్చి పెట్టాడు. "దీని అంకె చెప్పు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్లాడు. రెండోదాంట్లోకి టార్చి వేశాను, బూజు కనిపించింది. "దీనికీ నాలాగే శుక్లం వచ్చింది, ఆపరేషను చేయించు" అన్నాను. మూడోది మంచిది. ఒక మూల సొట్ట ఉంది, అందుకే చవక.

నిన్న రాత్రి షిఫ్టు దిగిన ఇద్దరమ్మాయిలు తోడు నిలబడ్డారు. కుక్క ఒకటి వచ్చింది గానీ స్టాండు చూసి అదే జడుసుకుంది. ఓసారి తీశాను, గంట ఆగి మళ్లీ తీశాను. ఎంత బాగా వచ్చాయే! పట్టపగల్లా ఉంది. గోడ మీద రాతలు చదువుకోవచ్చు. రేపు ఆ ఇంజినీరు మొహం చూడాలి.

గర్వంతో (ఈ మాట మొదటిసారి రాస్తున్నా, తప్పుంటే దిద్దుకో),
అక్క

*

చిట్టీ,

మొహం చూశాను. పడీ పడీ నవ్వాడు. "ఇంత వెలుగుంటే చీకటంటారేంటి పెద్దమ్మా? గోడ మీద రాతలు కూడా కనిపిస్తున్నాయి" అన్నాడు. నా అర్జీ మీదే ఫిర్యాదు నిజం కాదని రాసి ముద్ర కొట్టాడు. నీ కెమెరా మంచిది కావడమే నా కొంప ముంచింది.

పెద్దాడు "చాల్లే అమ్మా" అన్నాడు. కట్టు విప్పడానికి ఇంకా రెండు వారాలు.

అక్క

*

అక్కా,

తప్పు నాదే, ఎనిమిది సెకన్లు కన్ను తెరిస్తే అది ఉన్న కాస్త వెలుతురూ పోగేసి రాత్రిని పగలు చేస్తుంది. ముప్పై ఏళ్లు స్టూడియోలో మా పనంతా చీకటిని పోగొట్టడమే. చీకటిని చూపించమని ఎవరూ అడగలేదు. నీకు అదే అలవాటు నేర్పాను.

ఒక ఉపాయముంది. ఎనిమిది సెకన్లు కాకుండా ఒక్క సెకనులో సగం పెట్టి తియ్. స్తంభాలు లీలగా కనిపిస్తాయి, వీధంతా నల్లగా వస్తుంది. ఎలా తీశావని ఎవరూ అడగరు. లేదా వదిలేసి నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులు పడుకో. నీకు రక్తపోటుంది.

చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

నల్లగా తియ్యమన్నావు. తియ్యలేదు. ఉన్న చీకటి చాలదా, మనం కొత్తగా పూయడం దేనికి?

ఆ రోజు నిద్ర పట్టక ఫొటోలు ముందేసుకుని భూతద్దంతో చూశాను. పైన, స్తంభాల తలల చుట్టూ, సన్నటి తెల్ల మచ్చలు. లెన్సుకి బూజు పట్టిందని, కొట్టువాడు మోసం చేశాడని ఒళ్లు చల్లబడింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. రెండో ఫొటోలోనూ ఉన్నాయి గానీ కొంచెం పక్కకి జరిగి ఉన్నాయి. బూజు నడుస్తుందా? మేడ మీదికెళ్లి తలెత్తి చూశాను. చుక్కలే! మన వీధి మీద చుక్కలు. ఫొటోలో ఏడో స్తంభం బల్బుకి ఆనుకుని ఒకటి, పదో దానికి అటొకటి ఇటొకటి.

దీపం వెలిగితే దాని పక్కన చుక్క కనిపిస్తుందా?

పెద్దాణ్ణి లేపాను. వాడు విసుక్కున్నాడు. అప్పుడు చెప్పాను, నీకు రాస్తానన్న సంగతి. నాకు పదకొండేళ్లప్పుడు పగలు పని, రాత్రి బడి. దారిలో దీపం లేదు. ఆడపిల్ల, చీకటి అన్నారు, మాన్పించారు. నువ్వప్పుడు చంటిపిల్లవి. దారిలో ఒక దీపం పెడదామని ఒక్కరికీ తోచలేదు. నన్ను ఇంట్లో పెట్టడమే తేలికైంది. నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. "ఇప్పుడు నువ్వు నీ పెళ్లానికి అదే చేస్తున్నావురా" అన్నాను. మర్నాడు స్టాండు వాడే మోశాడు.

పన్నెండు స్తంభాల తలలూ విడివిడిగా తీశాం. తర్వాత ఆ ఆఫీసు గేటు ముందున్న దీపాన్ని కూడా, అదే కెమెరాతో, అవే అంకెలతో, అవే ఎనిమిది సెకన్లతో తీశాను. తెల్లటి ముద్ద వచ్చింది. చుట్టూ ఆకాశంలో వెతికితే ఒక్క చుక్క లేదు.

పొద్దున్నే కాజాల వరుస మొత్తం నా వెనక వచ్చింది. కోడలు కర్ర పట్టుకుని కుంటుతూ ముందు నడిచింది. పదమూడు ఫొటోలూ ఇంజినీరు బల్ల మీద పరిచాను. "సారూ, మీ దీపం పక్కన ఒక్క చుక్క చూపించండి. మా దీపాల పక్కన నేను చూపిస్తాను" అన్నాను.

"ఇవి దుమ్ము" అన్నాడు.

"తుడవండి."

నిజంగానే రుమాలు తీసి తుడిచాడు చిట్టీ! వెనక నుంచి ఒకామె "గట్టిగా తుడవండి సారూ, పోతాయేమో" అంది. ఆఫీసంతా నవ్వు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "పోయిన నెలంతా మా మనిషి సెలవులో ఉన్నాడు" అని నసిగాడు. "సెలవులో ఉన్నవాడు సంతకాలెలా పెట్టాడు?" అంది మన కోడలు. అతను ఆ సంతకాల పుస్తకం మూసేశాడు. నేను తెరిచాను. "దీపాలు వెలిగేదాకా ఇక్కడి నుంచి కదలం" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే.

నాలుగో రోజున నిచ్చెన బండి వచ్చింది. పది దీపాలు వెలిగాయి. కాలవ మీద పలక పడింది. కట్టు విప్పిన సోమవారమే కోడలు షిఫ్టుకెళ్లింది. నేను సందు మొదట్లో నిలబడ్డాను, అలవాటు ప్రకారం భయపడుతూ. పదింటికి వచ్చింది, నీడ ముందు, మనిషి వెనక.

ఇంకా రెండు దీపాలు రావాలి. అందుకే కెమెరా అమ్మను. ఆ పుస్తకంలో వాళ్ల మనిషి సంతకం పక్కన వీధివాళ్ల సంతకం కూడా ఉండాలని పట్టుబట్టి రాయించాను. మావాళ్లంతా కలిసి నన్నే పెట్టమన్నారు. నిన్న మొదటిసారి వెళ్లాను. పది దీపాలు వెలుగుతున్నాయి, రెండు వెలగడం లేదు అని రాశాను. కలం పట్టుకుంటే చెయ్యి ఒకటే వణుకు. నువ్వు చెప్పినట్టే రెండు సెకన్లు ఆగాను. ఆగి, పెట్టాను.

సంతకం చేసిన చేత్తో,
అక్క