మా ఏడు వందల మంది ఏరి?

థెస్పియెస్ గ్రామం నుంచి

ఏథెన్స్‌లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ పెద్ద చిరంజీవి మిల్తోస్‌ను ఆశీర్వదించి స్టమాటియా రాయించునది. నాకు అక్షరం రాదు, పోస్టాఫీసు ఫోతిని రాస్తోంది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక చూసుకో.

మా మనవరాలు రినియో నీ తుపాకుల ఆట ఆడుతుంటే పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశాను. వెనకటికి మనవాళ్లు పర్షియా సేనను అడ్డుకున్న థెర్మోపిలె కనుమను నక్షత్రాల మధ్యకు ఎత్తుకుపోయావు, బాగుంది. పర్షియావాళ్లకు ఇనుప ఒళ్లూ తలా ఆరు చేతులూ పెట్టావు, అదీ బాగుంది. వాళ్లను కాల్చేది మాత్రం మూడు వందల మంది స్పార్టావాళ్లేనా? చివరి రోజున అందర్నీ ఇళ్లకు పొమ్మంటే, పోమని నిలబడి చచ్చిన మా ఊరి ఏడు వందల మంది ఏరి? రినియోను అడిగితే, “ఆటలో పెట్టలేదు బామ్మా” అంది. ఆకాశమంత చోటు పెట్టుకుని మావాళ్లకు జాగా లేదా నాయనా?

ఇట్లు,
స్టమాటియా (వేలిముద్ర)

తా.క. నీ సైనికులు మూడు రోజులు పోరాడినా ఒక్కడూ గుక్కెడు గంజి తాగలేదు. మా త్రహనా పొట్లం పంపుతున్నాను. పుల్లమజ్జిగలో ఉడికించి డాబా మీద ఎండబెట్టిన గోధుమరవ్వ. చారు కాచుకోండి.

—

గౌరవనీయులైన స్టమాటియా గారికి నమస్కారములు.

తమరి ఉత్తరం అందింది. అంతమందిని ఒకేసారి కదిలిస్తే యంత్రం మొరాయిస్తుంది. పైగా మా ఆటలో ప్రతి సైనికుడి నెత్తిన పేరు కనబడాలి. మీవాళ్లవి చరిత్రలో మిగిలినవి ఒకటి రెండు పేర్లే. మిగతావి దొరికితే ఆలోచిస్తాం.

విధేయుడు,
మిల్తోస్

తా.క. త్రహనా ఆఫీసంతా తాగాం. ఇంకో పొట్లం ఉంటే మా అమ్మకూ రుచి చూపిస్తాను.

—

చిరంజీవి మిల్తోస్‌ను సగం మాత్రమే ఆశీర్వదించి రాయించునది.

పేర్లు లేవంటావా? మీ ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టరా? మేం పెడతాం. కాబట్టి ఆ పేర్లు ఎక్కడికీ పోలేదు, మా వీధుల్లోనే తిరుగుతున్నాయి. ఇల్లిల్లూ తిరిగి రాయించాను. మగవాళ్లు చాలకపోతే ఆడవాళ్లను కలిపాను. మా ఊళ్లో కనుమ కాయాల్సి వస్తే ముందు నిలబడేది వాళ్లే. మొదటి పేరు నాది. ఫోతిని దగ్గర కాగితాలు అయిపోతే చర్చి నుంచి తెచ్చాం. సరిగ్గా ఏడు వందలు, లెక్కపెట్టుకో.

స్టమాటియా (వేలిముద్ర, ఈసారి గట్టిగా)

తా.క. ఆరు వందల పన్నెండో పేరు మా కోడిపుంజుది. ఫోతిని వద్దంది. అది ఎవరికీ భయపడదు, ఉండనీ. మీ అమ్మకు పొట్లం పంపాను.

—

థెస్పియెస్‌లో మిగిలిన వారెవరికైనా, కన్నీళ్లతో.

జాబితా చూసి ఆఫీసంతా లేచి నిలబడ్డాం. ప్రతి కాగితం నెత్తినా శిలువ. పోయినవాళ్ల ఆత్మశాంతికి పాదిరి చదివే పేర్ల కాగితమని ఎవరికి తెలియదు? ఒక్క ఊళ్లో ఏడు వందల మందా? ఉత్తరం రాయించాక భూకంపమేమైనా వచ్చిందా? మొదటి పేరు బామ్మగారిదే, రెండోది ఫోతిని గారిది. ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు. యంత్రం మొరాయించినా సరేనని అందర్నీ కనుమలో నిలబెట్టేశాం.

శోకంతో,
మిల్తోస్

తా.క. ఇలాంటప్పుడు చెప్పకూడదు గానీ, మా అమ్మ త్రహనా తాగి, “మజ్జిగ ఎవరు పొయ్యమన్నారు, ఉత్త పాలతో కదా చెయ్యాలి” అంది. క్షమించండి.

—

థీవా పట్నపు మిల్తోస్‌ను నిండుగా ఆశీర్వదించి, నిండుగా బతికున్న స్టమాటియా రాయించునది.

ఎవరూ పోలేదు. చర్చిలో ఆ కాగితాలే ఉన్నాయి. నీ ఉత్తరం కాఫీ కొట్టులో చదివిస్తే, నువ్వు చంపినవాళ్లందరూ పడిపడి నవ్వారు. అలాగని మమ్మల్ని ఆటలోంచి తీశావో, నీ గుట్టు బయటపెడతాను.

ఈ చుట్టుపక్కల త్రహనాలో ఉత్త పాలు అడిగేది థీవావాళ్లే, అంటే మీది థీవాయే. ఆ కనుమలో మీ ఊరివాళ్లూ నాలుగు వందల మంది ఉన్నారు. ఆఖర్న చేతులెత్తి పర్షియావాళ్లకు లొంగిపోయారు. మావాళ్లను చూపిస్తే, మీవాళ్లేరని ఎవరైనా అడుగుతారు. అందుకేగా యంత్రం మొరాయించింది?

మీవాళ్లనూ పెట్టు. రెండున్నర వేల ఏళ్లయింది, ఎత్తిన చేతులు నొప్పెట్టి ఉంటాయి. దించమని చెప్పి తలా ఒక తుపాకీ ఇవ్వు.

స్టమాటియా (వేలిముద్ర)

తా.క. పాల సంగతి నాకెలా తెలుసంటావా? మా ఆయనది థీవాయే. నలభై ఆరేళ్లు మజ్జిగ త్రహనాకు వంక పెడుతూనే తాగాడు, ఒక్కరోజు కూడా ఇల్లు వదిలి పోలేదు. పేరు లాంబ్రోస్. ఆయన పేరు రాసిన కాగితం ఇందులో పెట్టాను, దాని మీద శిలువ ఒక్కటే నిజం. నా పక్కనే నిలబెట్టు.