మొదటి వాయి పిండి

మార్చి 4, సోమవారం

రిపోర్ట్ వచ్చింది. నార్మల్.

ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. గోధుమ పడని సీలియాక్ జబ్బు అని తేలినప్పటి నుంచి ప్రతి ఆరు నెలలకీ రక్తం ఇస్తున్నాను. యాంటీబాడీల అంకె పది లోపు ఉండాలి. నాది ఎప్పుడూ నలభై, యాభై. ఈసారి ఆరు.

డాక్టర్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. పైన ఉన్న పేరు నాదేనా అని కూడా చూసుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఏం మార్చారండీ అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఏదో మార్చే ఉంటారు, పేగు దానంతటది బాగుపడదు, ఎక్కడి నుంచో వస్తున్న గోధుమ ఆగిపోయింది అన్నాడు. ఏం చేస్తున్నారో అదే చేయండి, ఇంట్లో మేడమ్‌కి నా కంగ్రాట్స్ చెప్పండి అన్నాడు.

చెప్తానన్నాను.

తను పోయి ఐదు నెలలు.

మార్చి 5, మంగళవారం

నాలుగు కిలోలు పెరిగాను. బెల్టు ఒక చిల్లు వదులు చేసుకోవాల్సి వచ్చింది. కడుపు ఉబ్బరం లేదు, నోట్లో పుళ్ళు లేవు. ఇన్నాళ్ళూ గమనించలేదు. గమనించినా పట్టించుకోలేదేమో.

భార్య పోయినవాడు చిక్కిపోవాలి. నేను లావెక్కుతున్నాను. మెట్ల దగ్గర పక్కింటాయన ఎదురైతే పొట్ట లోపలికి పీల్చుకున్నాను.

మార్చి 6, బుధవారం

నేను పనిచేసేది నీటి మీటర్లు పరీక్షించే లాబ్‌లో. మీటర్ తప్పు చూపిస్తే ఒకేసారి రెండు భాగాలు మార్చకూడదు. ఒకటి మార్చాలి, నీళ్ళు వదలాలి, అంకె చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పుతాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర స్క్రూని అడిగాను. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూ ఉంటుంది కాబట్టి అతన్ని అందరం అలాగే పిలుస్తాం. ఒక్క భాగం తీసేశాక మీటర్ సరిగ్గా తిరిగితే, తీసేసిన భాగం గురించి ఏమంటావ్ అన్నాను. ఏమంటాను సార్, దోషం దాన్లోనే అని రాసి చెత్తబుట్టలో పడేస్తాను అన్నాడు నములుతూ. ఇంతకీ ఏ మీటర్ సార్ అన్నాడు.

మన లాబ్‌లోది కాదన్నాను. అదోలా చూశాడు.

మార్చి 9, శనివారం

వంటింట్లో పొద్దంతా నిలబడ్డాను. అవే గిన్నెలు. అదే పొయ్యి. అదే పెనం.

తను సరుకుల మీద లేబుళ్ళు భూతద్దం పెట్టి చదివేది. మోచేతుల దాకా కడుక్కుని పిండి ముట్టేది. గోధుమతో చేసింది ఏదీ గుమ్మం దాటనిచ్చేది కాదు. మా బాబాయి ఒకసారి బిస్కెట్ ప్యాకెట్‌తో వస్తే బయట మెట్ల మీద కూర్చోబెట్టి తినిపించింది. కుక్కకి వేసినట్టు వేసిందిరా మీ ఆవిడ అని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఇవేవీ నేను చేయను. గిన్నెలు రోజుకోసారి కడుగుతాను. సరిగ్గా కడగను కూడా. జాగ్రత్త అంతా తనది. అంకె మాత్రం నా వంటతో తగ్గింది.

తేడా ఒకటే కనిపిస్తోంది. పిండి. నేను బద్ధకం కొద్దీ గోధుమ కలవని, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న జొన్నపిండి ప్యాకెట్ కొంటాను. తను ప్యాకెట్లని నమ్మేది కాదు. ఎవరు నింపారో, ఏ చేతులతో నింపారో అనేది. జొన్నలు చెరిగి, కడిగి, ఎండబెట్టి, రెండు వారాలకోసారి శనివారం పొద్దున్నే మిల్లుకి తీసుకెళ్ళి, కళ్ళముందు పట్టించుకొచ్చేది.

ఆ మిల్లులో అందరూ పట్టించేది గోధుమలే.

మార్చి 9, సాయంత్రం 5.20

తనకి తెలియదా?

మార్చి 10, ఆదివారం

చేయరాని పని చేశాను.

ఆదివారం పదింటికి అత్తయ్య ఫోన్ చేస్తారు. కూతురు ఉన్నప్పుడూ అదే టైము. ఏం తింటున్నారు అల్లుడుగారూ, ఎలా తింటున్నారు అన్నారు. తింటున్నానన్నాను. ఏం తింటారులెండి, అది చేసిపెట్టినట్టు ఎవరు చేస్తారు, దాని చేతి చలవ వల్లే ఆరేళ్ళు నిలబడ్డారు, ఇప్పుడు ఎముకల గూడై ఉంటారు అన్నారు.

ఆ మాట ఆవిడ ప్రతివారం అంటారు. ప్రతివారం ఊఁ అంటాను. ఇవాళ అనలేకపోయాను. లేదత్తయ్యా, ఆరోగ్యం ఇప్పుడే బాగుంది, రిపోర్ట్ మొదటిసారి నార్మల్ వచ్చింది అన్నాను.

ఇప్పుడే అంటే అన్నారు. ఈ ఐదు నెలల్లో అన్నాను. అంటే అది వండినన్నాళ్ళూ అన్నారు. పిండిలో గోధుమ కలుస్తూ ఉండేదనుకుంటా, మిల్లులో అన్నాను. ఏదో మీటర్ గురించి చెప్తున్నట్టే చెప్పాను.

నా కూతురు మీకు విషం పెట్టిందంటారు, అంతేగా అన్నారు. అలా అనలేదన్నాను. ఇంకెలా అంటారు అన్నారు. ఫోన్ పెట్టేశారు.

మార్చి 12, మంగళవారం

మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. సాయంత్రం బావమరిది చేశాడు. బావా, నువ్వేమన్నావో గానీ అమ్మ అన్నం ముట్టడం లేదు, అక్క ఫోటో తీసి బీరువాలో పెట్టేసింది, అడిగితే నీ బావనడుగు అంటోంది అన్నాడు. చెప్పాను. అతను చాలాసేపు విన్నాడు. నిజమే అనుకో బావా, ఆ నిజం అమ్మకి ఇప్పుడు అంత అర్జెంటా అన్నాడు.

నిజమో కాదో నాకే తెలియదు. పరీక్ష పూర్తికాకుండానే రిజల్ట్ చెప్పేశాను.

మార్చి 13

తనతో దెబ్బలాడాలని ఉంది. ఎవరితో దెబ్బలాడాలి?

మార్చి 16, శనివారం

మిల్లుకి వెళ్ళాను. పదకొండేళ్ళుగా మా వీధి చివరే ఉంది. లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి. సంచులు మోయడానికి కూడా తను రానిచ్చేది కాదు. పిండి దుమ్ము పీలిస్తే మీకు పడదు అనేది.

నడిపేది ఒకావిడ. కనుబొమల మీద, కనురెప్పల మీద పిండి. ముక్కుకి గుడ్డ కట్టుకుని గుమ్మం బయటే నిలబడి, ఫలానా ఆవిడ భర్తనని చెప్పాను. ఓ, జొన్నలమ్మ ఇంటాయనా అంది. ఐదు నెలలై రావడం లేదేం, నామీద అలిగిందా, వేరే మిల్లు చూసుకుందా, ఇంకెవడు పడతాడయ్యా ఆవిడ పెట్టే నస అంది.

పోయిందని చెప్పాను.

ఆవిడ వెళ్ళి మిల్లు ఆపింది. ముందు నిలబడ్డవాళ్ళు ఏమైంది ఏమైంది అంటున్నారు. కాసేపు ఆగండి, ఆకలికి చచ్చిపోరులే అని కసిరింది. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుంటూ చెప్పింది.

తను తెల్లవారి మిల్లు తెరవక ముందే వచ్చి మెట్టు మీద కూర్చునేదట. ముందురోజు పట్టిన గోధుమ మిల్లు రాళ్ళ సందుల్లో ఉండిపోతుందని తనకి బాగా తెలుసట. ముందు ఒక కిలో జొన్నలు పోయించి, ఆ పిండితో రాళ్ళకున్న గోధుమంతా తుడుచుకుపోయేలా చేయించేది. ఆ మొదటి వాయి వేరే సంచిలోకి. ఆ తర్వాత వచ్చిందే నాకు. మొదటి వాయి పారేయమ్మా, దాన్లో గోధుమ ఉంటుంది కదా అని ఈవిడ అంటే, నాకేం జబ్బు, నేను తింటాను అనేదట. ఆయనకి చెప్పకు, చెప్తే పారేయమని గోల చేస్తాడు, చెరిగి ఎండబెట్టేది నేనా ఆయనా అనేదట.

ఇంత జాగ్రత్త పడే మనిషిని నేను చూళ్ళేదయ్యా, మీరు పుణ్యం చేసుకున్నారు అంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

మార్చి 16, మధ్యాహ్నం

రెండు డబ్బాలు. పెద్దది నాది. చిన్నది తనది.

మార్చి 17, ఆదివారం

పది దాటింది. ఫోన్ రాలేదు.

రాసేయాలి.

జబ్బు తేలిన ఏడాదే అనుకుంటా. తన రొట్టెలు చిన్న డబ్బాలోంచి చేసుకోవడం చూశాను. నావి ముందు చేసేది, తనవి తర్వాత. ఆఫీసు టైముకని అనుకునేవాణ్ణి. ఆ పిండి వేరే ఎందుకని అడిగాను. అది మొదటి వాయి, గరుగ్గా ఉంటుంది, మీ గొంతు దిగదు అంది. అంతే చెప్పింది.

నా వల్ల ఈ ఇంట్లో గోధుమ లేకుండా పోయింది. తనకి ఇష్టమైనవన్నీ మానేసింది. ఆఖరికి పిండిలో కూడా మంచిది నాకు, గరుకుది తనకా అనిపించింది. అడిగితే ఒప్పుకోదు. అందుకని అడగలేదు.

పిండి ఇంటికొచ్చిన శనివారం తను స్నానానికి వెళ్ళేది. పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాల్లో రెండు డబ్బాలూ పేపర్ మీద బోర్లించేవాణ్ణి. చేత్తో బాగా కలిపేవాణ్ణి. మళ్ళీ ఎవరి డబ్బాలో వాళ్ళకి, అదే మట్టానికి నింపేవాణ్ణి. పేపర్ మడిచి బయట పడేసి, చేతులు కడుక్కుని, హాల్లో కూర్చునేవాణ్ణి.

ఐదేళ్ళకి పైగా. తను స్నానానికి వెళ్ళిన ఒక్క శనివారమూ తప్పలేదు.

ఒకసారి తను, మిల్లావిడ రాళ్ళకి కొత్తగా గంట్లు కొట్టించినట్టుంది, ఈమధ్య మొదటి వాయి కూడా మెత్తగా ఉంటోంది అంది. అవునా అన్నాను. ఆ రోజంతా నాకు ఎంత సంతోషమో.

మార్చి 18, సోమవారం

డాక్టర్‌కి ఫోన్ చేశాను. మేడమ్ సంగతి కూడా చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. తర్వాత అడగాల్సింది అడిగాను. నేను కలపకపోయి ఉంటే, రెండో వాయిలో గోధుమ ఉండేది కాదా?

చెప్పలేమండీ అన్నాడు. కిలో గింజలకి ఆ రాళ్ళు శుభ్రపడతాయో లేదో ఆ రాళ్ళకే తెలియాలి, మీరు కలిపినందువల్లా కావచ్చు, మిల్లు వల్లా కావచ్చు, రెండూ కావచ్చు. పాత పిండి ఏమైనా మిగిలి ఉంటే గోధుమ ఉందో లేదో చెప్పే కిట్ ఉంది, పంపండి, తేల్చేద్దాం అన్నాడు.

పెద్ద డబ్బా అడుగున గుప్పెడు ఉంది. ఆఖరి శనివారం పిండి. ఆ ఉదయం తను స్నానానికి వెళ్ళలేదు, తలనొప్పి అని పడుకుంది. రెండు రోజుల తర్వాత పోయింది. కాబట్టి అది నేను కలపని పిండి. తను పట్టించింది పట్టించినట్టే ఉంది. పరీక్షకి ఇంతకంటే మంచి శాంపిల్ దొరకదు.

మార్చి 19, మంగళవారం

డబ్బా కడిగేశాను.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో శాంపిల్ పారబోయడం ఇదే మొదటిసారి.

మార్చి 24, ఆదివారం

అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. రెండు బస్సులు. తలుపు బావమరిది తీశాడు. గొంతు తగ్గించి, మాట్లాడనంటోంది బావా, ఏమన్నా అంటే పడు అన్నాడు.

ఆవిడ చిక్కుళ్ళు వలుస్తున్నారు. తలెత్తలేదు. కింద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. మిల్లావిడ చెప్పింది, మొదటి వాయి, పేపర్, పది నిమిషాలు. మిల్లు వల్లా కావచ్చని డాక్టర్ అన్న సగం చెప్పలేదు. తప్పు నాదే అన్నాను. మీ అమ్మాయి వంటలో దోషం లేదు అన్నాను.

ఎన్నేళ్ళు అన్నారు. ఐదు అన్నాను. చేత్తోనా అన్నారు. చేత్తోనే అన్నాను. ఒక్కసారైనా దానికి అనుమానం రాలేదా అన్నారు. పిండి మెత్తగా ఉందందని చెప్పాను.

అప్పుడు చూశారు నావైపు. అది చెప్పదు, మీరు చెప్పరు, ఒకే ఇంట్లో కాపురం చేశారా, ఎదురెదురు ఇళ్ళల్లో ఉన్నారా అన్నారు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. బావమరిది వంటింట్లోకి వెళ్ళిపోయాడు. చిక్కుళ్ళు నేను తీసుకుని వలిచాను. సగం గింజలు కింద పోశాను.

భోజనం వేళకి లేచారు. గరిటె పట్టుకుని ఆగిపోయారు. ఇందులో మీరేం తినొచ్చో నాకు తెలియదు అన్నారు. అన్నీ అదే చూసుకునేది, నేనెప్పుడూ అడగలేదు అన్నారు.

గిన్నెలన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూపించారు. అన్నం, పెరుగు తిన్నాను.

వచ్చేటప్పుడు చూశాను. ఫోటో గోడ మీద ఉంది. ఎప్పుడు పెట్టారో.

మార్చి 31, ఆదివారం

అత్తయ్య వచ్చారు. చెప్పకుండా వచ్చారు. రొట్టెలు ఎలా చేస్తున్నారో చూడాలి అన్నారు.

చేశాను. రెండు మాడాయి. మాడనిది ఆవిడకి పెట్టాను. ముక్క తుంచి, నోటి దగ్గర ఆపి, ఇందులో ఏమీ కలపలేదు కదా నాయనా అన్నారు.

లేదన్నాను.

తిన్నారు.