ఈసారి మన తలుపులే

వెర్నన్,

పొద్దుటి వాదన ఇక పెంచను, డ్యూటీకి వేళయింది. ఈ హాలోవీన్‌కి పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం వీధిలో ఇల్లిల్లూ తిరగరు. "చూస్తూ ఉంటే భయం అదే పోతుందిలే" అన్నావు పోయినేడు. ఎదురింటి ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని చూశాక మన చిన్నది టెస్ నెల్లాళ్లు ఒంటరిగా పడుకోలేదు.

చీకటి పడగానే వరండా దీపం ఆర్పెయ్యి, అప్పుడు చాక్లెట్లకని మన గుమ్మం ఎవరూ ఎక్కరు. టెస్, వాళ్లన్న కాల్విన్ ఇద్దరూ వేషాలు వేసుకుని మన గదుల తలుపులే కొడతారు. పడగ్గదిలో మీ అమ్మ, స్నానాలగదిలో నువ్వు ఉండి, తలుపు తీసి చాక్లెట్లివ్వండి. చాక్లెట్లు పిండి డబ్బా వెనక ఉన్నాయి, నువ్వు ముందే ఖాళీ చెయ్యకు. తోడేలు ముసుగు వద్దు. తలుపు తీస్తే టెస్‌కి నాన్న మొహమే కనబడాలి.

మీ అమ్మ కూడా చదవాలి, చీటీ ఫ్రిజ్ మీదే ఉంచు.

లొరేన్

డ్యూటీ దిగి వచ్చి ఏడింటికి వీధి తలుపు నేను కొడతాను. వచ్చేది అమ్మేనని ముందే చెప్పి, గడియ టెస్‌నే తియ్యనివ్వు.