సంత బొమ్మలో తాగుబోతు

సుశీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చెప్పకుండా ఉండలేని రోత పని ఒకటి జరిగింది.

ఎస్టేట్ సేల్‌లో ఎవరో పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్ముతుంటే నువ్వు పట్టుబట్టి కొన్న యూరప్ సంత బొమ్మ ఉందిగా, రాగిరేకు మీద గీసి అచ్చువేసిన పాతకాలపుది. ఫిడేలు, గంతులు, కుక్కలు, మూలన గోడకేసి తిరిగి ఉచ్చపోస్తున్న తాగుబోతు. ఫ్రేము అద్దం తుడిచినప్పుడల్లా వాణ్ణి చూసి "కానీ నాయనా, కానీ" అని నవ్వేదానివి.

సంవత్సరీకానికి పార్సిప్పనీ నుంచి వచ్చిన మా అక్క వాడి మీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటించింది.

"పదిమందీ వచ్చే హాల్లో ఇదేం బొమ్మరా? కవర్ చేశాలే."

ఇక అందరి కళ్ళూ అక్కడే. గారె నములుతూ ఒకాయన "ఆ రెడ్ డాట్ కింద ఏముందండీ?" అని అడిగాడు. నాకు కంపరమెత్తింది.

"బిళ్ళ ఎక్కడిదక్కా?"

"మీ బాత్రూమ్ అద్దానికుంటే తీశా. అద్దం కూడా క్లీన్ చేశాన్రా, ఎంత మరకలో!"

నువ్వు పోయాక నేనా అద్దం తుడవలేదు. క్లీన్ చేసిందట! ఆ తాగుబోతు చేస్తున్న పని ఇంతకన్నా శుభ్రం.

అందరూ వెళ్ళాక బిళ్ళ ఊడదీసి బాత్రూమ్ అద్దం మీద నువ్వు పెట్టుకున్న చోటే అంటించబోయాను. జిగురు పోయింది, నిలవలేదు.

హాల్లోకొచ్చి వాడి ముందు నిలబడ్డాను. "కానీ నాయనా, కానీ" అన్నాను.