సగంలో ఆగిన ముల్లు

నాన్నా, నేను కులాసాగా ఉన్నాను.

మూడు నెలల్లో పని ఖాయం కాకపోతే వచ్చి తీసుకెళ్తానన్నారు. నిన్నటితో గడువు తీరింది. నిన్ననే మా గ్యారేజీకి ఒక పాత కారును తోసుకొచ్చారు. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది కానీ స్టార్టవడం లేదు. మేస్త్రి ప్లగ్గులు మార్చాడు, వైర్లన్నీ తడిమి చూశాడు.

"ఏమ్మా చదువుల తల్లీ, నీ పుస్తకం ఏమంటోంది?" అని నవ్వాడు.

"పెట్రోలు ఉందాండీ?" అన్నాను.

"కళ్లు లేవా? ముల్లు సగంలో ఉందిగా!"

నేను కారు కిందికి దూరి, అమ్మ నీళ్ల డ్రమ్మును కొట్టి చూసినట్టు ట్యాంకును వేళ్లతో కొట్టాను. అడుగుదాకా డొల్ల మోతే. ముల్లే ఇరుక్కుపోయింది. ఐదు లీటర్లు పోయగానే స్టార్టయింది. మేస్త్రి కాసేపు చేతులు తుడుచుకుని, "సోమవారం నీ పానాలు నువ్వే తెచ్చుకో" అన్నాడు. ఇక్కడ బోల్టులు విప్పే పానాలు సొంతంగా ఉన్నవాళ్లే పనివాళ్లు, మిగతావాళ్లు నేర్చుకునేవాళ్లు.

తమ్ముడూ, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కదా, డ్రమ్ము మాట అమ్మకు ఇంకోసారి వినిపించు. ఆవిడ పన్ను నొప్పి తగ్గిందా? బీరువా కింది అరలో నా నీలం చొక్కాలున్నాయి, పంపించండి. చిన్నత్తకు నమస్కారాలు.

నాన్నా, ఒక పూట తీరిక చేసుకుని రండి. నేను పని చేస్తుంటే మీరు చూడాలి.

మీ పెద్దమ్మాయి