ఋతుజ చెప్పిన మాట

నవంబర్ 21, మంగళవారం

అక్క, బావ చెరకు కోతకు వెళ్లిపోయారు. ఒక ట్రాక్టర్‌లో పన్నెండు జంటలు, కొల్హాపూర్ వైపు. హోలీకి గాని రారు. ఎనిమిదేళ్ల ఋతుజ అప్పటిదాకా నా దగ్గరే. వాళ్లింటి తాళంచెవి ఎప్పటిలాగే శామ్‌రావ్ కాకాకు ఇచ్చారు. కోతకు వెళ్లే నలభై ఇళ్ల తాళాలూ ఆయన దగ్గరే ఉంటాయి. బావకు బాబాయి వరస.

డిసెంబర్ 9, శనివారం

చలి ముదిరింది. ఋతుజ స్వెటర్ వాళ్లింట్లో ఉండిపోయింది. కాకాతో వెళ్లి తెచ్చుకోమంటే వెళ్లనంది. చలి వెయ్యడం లేదట. పళ్లు మాత్రం టకటకలాడుతున్నాయి. మొండి వేషాలు వెయ్యకని కసిరాను.

డిసెంబర్ 13

పక్క తడిపింది. వరసగా మూడో రోజు.

డిసెంబర్ 17, ఆదివారం

తాళంచెవి అడిగి స్వెటర్ నేనే తెస్తానని లేచాను. నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పింది.

అమ్మానాన్నలు కోతకు వెళ్లాక రెండుసార్లు పుస్తకాల కోసం ఆ ఇంటికి వెళ్లింది. రెండుసార్లూ కాకా లోపల గడియ పెట్టాడు. మిగతాది ఇక్కడ రాయను. ఎవరికైనా చెబితే అమ్మానాన్నలను పనిలోంచి వెళ్లగొట్టిస్తానన్నాడట.

నేను అడిగిన మొదటి ప్రశ్న: ముందే ఎందుకు చెప్పలేదు? రాస్తుంటే సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 18, సాయంత్రం

అక్కకు ఫోన్ చేశాను. కోత గుడిసెల దగ్గర ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఊరి కబుర్ల కోసం అందరూ చుట్టూ మూగుతారు. నాకు తెలియని సంగతి కాదు. మా ఆయన పోయేదాకా నేనూ ఆయనా కోతకు వెళ్లినవాళ్లమే. అయినా గబగబా చెప్పేశాను. అటునుంచి ఎవరిదో మగగొంతు, కట్ చెయ్యి అంది.

అరగంటలో ఊరంతా తెలిసిపోయింది.

డిసెంబర్ 19

నలుగురు పెద్దలు వచ్చారు. కాకాను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన నా వాకిట్లో మంచం మీద కూర్చుని టీ తాగాడు. ఆ టీ నేనే ఇచ్చాను.

ఋతుజను అందరి మధ్య నిలబెట్టి చెప్పమన్నారు. ఏమీ జరగలేదంది.

ఒక పెద్దాయన నవ్వాడు. మిషన్ మీద జాకెట్లు కుట్టీ కుట్టీ నీకు కథలు కుట్టడం కూడా వచ్చిందే అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. వెళ్తూ కాకా ఋతుజ తల నిమిరాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

బావ ఫోన్ చేశాడు. పిల్లే ఏమీ జరగలేదంటుంటే నీకెందుకు అన్నాడు. నలభై ఇళ్లవాళ్లు నమ్మిన మనిషి, రేపు నేను ఏ మొహం పెట్టుకుని ఊళ్లో అడుగుపెట్టాలి అన్నాడు. వెనక అక్క ఏడుపు వినబడింది.

డిసెంబర్ 21

అంగన్‌వాడీ నడిపే నూర్జహాన్ తాయి దగ్గర కూర్చున్నాను. పిల్లే కాదన్నాక ఇంక నా దగ్గర ఏం రుజువు ఉంది అన్నాను. ఆమె తన ఫోన్‌లో పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 నొక్కి నా చేతిలో పెట్టింది.

"రుజువు చెయ్యడం నీ పని కాదే. అనుమానం ఉందని చెప్పడమే నీ పని. తెలిసీ చెప్పకపోతే అదే తప్పు."

అవతల అమ్మాయి తొందరపెట్టలేదు. పిల్లను ఇంక ఎవరూ ఏమీ అడగొద్దంది. ఆ మనిషిని దగ్గరికి రానివ్వొద్దంది. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా ఉంటే కాగితం సంచిలో పెట్టమంది.

ఎప్పుడో ఉతికేశాను.

డిసెంబర్ 22

మేము స్టేషన్‌కు వెళ్లలేదు. వాళ్లే వచ్చారు. ఎస్సై మేడమ్ సల్వార్ కమీజ్‌లో ఉంది, చూసినవాళ్లు జాకెట్టు కొలతకు వచ్చిందనుకున్నారు. ఋతుజ నోరు విప్పలేదు. మేడమ్ బలవంతం చెయ్యలేదు. ఫిర్యాదు నా మాట మీదే రాసుకుని చదివి వినిపించింది. సంతకం పెట్టాను.

డిసెంబర్ 26

బాలల సంక్షేమ కమిటీ ఋతుజకు తోడుగా స్వప్న అనే అమ్మాయిని పంపింది. కేసు అయ్యేదాకా ఆమె వెంట ఉంటుందట. నిన్నంతా ఇద్దరూ కూర్చుని నా దగ్గరి గుడ్డముక్కలు రంగుల వారీగా వేరు చేశారు. అంతే.

ఈ రోజు మేడమ్ మళ్లీ వచ్చింది. ఋతుజ నన్ను గుమ్మం దగ్గర కూర్చోమంది. చెప్పింది. రెండు గంటలు పట్టింది.

డిసెంబర్ 27

కాకాను తీసుకెళ్లారు. నా గుమ్మం ముందు ఎవరో పేడ పారబోశారు.

జనవరి 3, బుధవారం

అక్క వచ్చేసింది. జంటలో ఒకరు లేకపోతే రెండో మనిషికీ పని ఉండదు. బావ కూడా వచ్చాడు. నాతో మాట్లాడలేదు. ఋతుజ చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే అందుకోవడానికి చెయ్యి రాలేదు. పిల్ల చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చాడు.

జనవరి 5

ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టర్ చూసింది. అక్క పక్కనే ఉంది. డాక్టర్ ప్రతిదానికీ ముందు పిల్లను అడిగింది, తలూపాకే ముట్టుకుంది. బయటికి వచ్చాక ఋతుజ నాతో, మావశీ, ఈమె నన్ను అడిగింది అంది.

జనవరి 19

కింది వీధి కమలాబాయి ముసలమ్మ జాకెట్టు కుట్టమని వచ్చింది. గుడ్డ తేలేదు. చాలాసేపు కూర్చుంది. ఆమె దగ్గర ఇద్దరు మనవరాళ్లు ఉన్నారు. వెళ్లే ముందు, ఆ నంబర్ ఏదో చెప్పు అంది.

చీటీ మీద రాసి ఇచ్చాను. నేనేమీ అడగలేదు.

మార్చి 14

కోర్టు తేదీ వచ్చింది. కాకా కనబడకుండా మధ్యలో తెర కడతారని ఋతుజకు చెప్పాను. తెర నేలదాకా ఉంటుందా, కింద నుంచి ఆయన చెప్పులు కనబడతాయా అని అడిగింది.

స్వప్నకు ఫోన్ చేశాను. ఆమెకూ తెలియదు. వెళ్లి చూసి చెబుతానంది.