మామను కూర్చోనివ్వని సీటు

వనపర్తి,
ఆదివారం

పూర్ణిమకు,

ఇక్కడ మేం బాగున్నాం, ఆ అడవిలో నువ్వూ బాగున్నావని తలుస్తున్నాను. బాగున్నాం అని రాయడానికి ఈసారి మనసొప్పలేదు. ఎందుకో కింద రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

నీ ఉత్తరం మీ ఆఫీసు జీపు డ్రైవర్ నిన్న తెచ్చిచ్చాడు. అమ్రాబాద్ దాటితే ఫోన్ పలకదు కాబట్టి, పెళ్లయిన నాలుగేళ్లకు మొగుడూ పెళ్లాం ఉత్తరాలు రాసుకుంటున్నారని మా బడిలో టీచర్లు నవ్వుతున్నారు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ మొగుడినని మాత్రం కాస్త భయపడుతున్నారులే. కొత్త బూట్లు కరుస్తున్నాయన్నావు, మడమలకు కొబ్బరినూనె రాసుకో. క్వార్టర్ తలుపు కింది సందులో గుడ్డ కుక్కు, తేళ్లు వస్తాయి.

ఇక నువ్వడిగిన అసలు మాట. "బడికి గడ్డి కోసే మిషన్ కొన్నరట గదా, దాని మీద మా నాయన ఎట్ల గూసుంటుండు, ఫొటో తీసి పెట్టు" అని రాశావు. ఫొటో తియ్యలేదు.

మా గ్రౌండ్ నీకు తెలుసు. ఐదెకరాలు, నిన్నమొన్నటిదాకా పల్లి చేను. పైన పచ్చగా కనిపిస్తుంది గానీ గడ్డి కింద పాత సాళ్లు, రాళ్లు అలాగే ఉన్నాయి. మామ ఇన్నాళ్లూ చేతిమిషన్ తోసుకుంటూ కోసేవాడు. ఈ వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగేసరికి, కూర్చొని నడిపేది కొందామని కరస్పాండెంట్ సారు అన్నారు. సూపర్‌వైజర్‌ని కదా, ఏది కొనాలో చూసే పని నాకు అప్పజెప్పారు. వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి నేనే పెద్ద మెకానిక్‌నైపోయాను.

సారూ నేనూ మామను వెంటబెట్టుకొని షాపుకెళ్లాం. అక్కడ రెండున్నాయి. ఒకదానికి వీపు పూర్తిగా ఆనే సీటు, కింద స్ప్రింగులు, కాళ్ల పొడుగును బట్టి ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. రెండోది ఎర్రది. సీటు పొట్టిది, జరగదు, కానీ బ్లేడు వెడల్పు. ఒక్క పూటలో గ్రౌండంతా అయిపోతుందని నేను దానికే పడిపోయాను. సిమెంటు నేల మీద రెండు చుట్లు తిప్పి, "మెత్తగుంది సార్" అన్నాను. సిమెంటు మీద ఏది మాత్రం మెత్తగా ఉండదు!

షాపాయన మంచివాడు. "నడిపే మనిషిని గూసోబెట్టుండ్రి సార్. గుంతల జాగ అంటున్నరు, నడుముకు జర మంచిది సూసుకోవాలె" అన్నాడు. మామ స్ప్రింగుల సీటు మీదికెక్కాడు. ఆ పొడుగు కాళ్లు హాయిగా చాపుకొని, నా వైపు చూసి సంబరంగా నవ్వాడు. "అల్లు..." అనబోయాడు.

పూర్ణిమా, నీకు చెప్పని సంగతి ఇదే. వీపనగండ్ల నుంచి వచ్చి మామ మా బడిలో చేరిన రోజు నుంచి, ఆయన నాకేమవుతాడో అక్కడ ఎవరికీ చెప్పలేదు. సూపర్‌వైజర్ మామ గడ్డి కోస్తాడంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఆయన అర్థం చేసుకొని, బడిలో నన్ను ఏమనీ పిలవకుండా నెట్టుకొచ్చాడు. ఆ పూట సంబరంలో మరిచిపోయాడు. సారు ముందు బయటపడుతుందని భయపడ్డాను. "ఏయ్ యాదయ్యా, దిగు. సారు నిలవడితే నువ్వు గూసుంటవా?" అన్నాను. మీ నాయనను, పేరు పెట్టి.

దిగాడు. చేతులు కట్టుకొని, "తప్పయింది సార్" అన్నాడు. ఎర్రదే కొన్నాం.

మూడు వారాలు, ప్రతి సాలుకూ ఒక కుదుపు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకునేవి. గోనెసంచి మడిచి కింద వేసుకున్నాడు. అది చూసి కూడా నేను నా దారిన పోయాను. మొన్న మంగళవారం మిషన్ ఆపి దిగలేకపోయాడు. నలుగురం ఎత్తి దించాం. దవాఖానలో స్కానింగ్ తీసి నడుములో డిస్కు జరిగిందన్నారు. నెల రోజులు మంచం దిగొద్దట. ఎడమ కాలు మళ్లీ ఎంతవరకు పనిచేస్తుందో అప్పుడు గానీ చెప్పలేమన్నారు. అత్త పక్కనే ఉంది. నువ్వు పరేషానవుతావని, మీ ఆఫీసుకు కబురు చెయ్యొద్దని మామే పట్టుబట్టాడు.

ఇంకొకటుంది. చీటీ రాసే నర్సు "పేషెంటుకు మీరేమైతరు?" అని నన్నడిగింది. సారు పక్కనే ఉన్నారు. నేను నోరు తెరిచేలోపు స్ట్రెచర్ మీది నుంచి మామే అన్నాడు: "మా బడి సారమ్మా. మంచోడు." అంత నొప్పిలోనూ ఆయన నా పరువు కాపాడాడు, నేను కాపాడనిచ్చాను. ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

మర్నాడు సారుకు చెప్పాను. ఆయన "మరి ఆ రోజు ఎందుకు దింపినవయ్యా?" అన్నారు. అక్కణ్నుంచే షాపుకెళ్లాను. మిషన్ మార్చిస్తానని షాపాయన ఒప్పుకున్నాడు. నిన్న మామ కాళ్లు పట్టుకుంటే వెనక్కి లాక్కోబోయాడు. ఎడమ కాలు రాలేదు. "ఇదంత పూర్ణిమకు రాయకు అల్లుడా. దానికి నీ మీద మనసు ఇరుగుతది" అన్నాడు.

అయినా రాశాను. విరిగితే విరగనీ. నా కోసం ఆయన నీతో కూడా అబద్ధమాడితే నేను భరించలేను. సెలవు పెట్టి రా. నన్ను ఏమన్నా అను, పడతాను. మామ ముందు మాత్రం అనకు, ఆయన నా వైపే మాట్లాడతాడు.

ఇట్లు,
యాదయ్య అల్లుడు
వంశీ